అసలుదేనా అని అడక్కండి

పాత ఎలక్ట్రిక్ గిటార్ కొందామని ఎవరైనా బయల్దేరితే తెలిసినవాళ్లంతా ఒకే రకం జాగ్రత్తలు చెప్తారు. నకలు జోలికి పోవద్దంటారు. ఎవరో చిల్లులు పెట్టినదాన్ని, భాగాలు మార్చినదాన్ని ముట్టుకోవద్దంటారు. ఎడమచేతివాటం వాయిద్యమైతే అసలే వద్దు, మళ్లీ అమ్ముడుపోదంటారు. గిటార్‌ను బంగారంలా దాచి, రేటు పెరిగాక అమ్ముకునేవాళ్లకు ఆ జాగ్రత్తలు బాగానే పనికొస్తాయి. వాయిద్యం మీద మనసుపడి కొనేవాళ్లు మాత్రం వాటిని తిరగేసి పట్టుకోవాలని నా నమ్మకం. నకళ్లే కొనండి. చిల్లులు పడ్డవే వెతకండి. కొట్లో ఎడమచేతిది కనిపిస్తే ముందు దాన్నే చేతిలోకి తీసుకోండి. ఫ్యాక్టరీలోంచి వచ్చింది వచ్చినట్టే ఉన్న గిటార్‌లో ఫ్యాక్టరీ పనితనం ఒక్కటే కనిపిస్తుంది. వీటిలో ఆ పనితనంతో పాటు, దాన్ని వాయించిన మనిషికి ఏం కావాల్సి వచ్చిందో, అందుకోసం ఏం చేశాడో కూడా కనిపిస్తుంది.

ముందు నకలుకూ దొంగసరుకుకూ తేడా తేల్చుకుందాం. 1970ల్లో జపాన్‌లో అమెరికన్ కంపెనీ గిబ్సన్ వారి లెస్ పాల్ గిటార్ ఆకారంలో చేసి, తల మీద ఐబనెజ్ అనో గ్రెకో అనో తన పేరు తాను రాసుకున్నది నకలు. గిబ్సన్‌తో ఏ సంబంధమూ లేకుండా చేసి, తల మీద గిబ్సన్ అని అతికించి అమ్మేది మోసం. మొదటిది కొనండి. రెండోది ఊరికే ఇచ్చినా వద్దు, ఇందులో నాకు రెండో మాట లేదు. పాత నకలు మీదున్న పేరు గీకేసి, పెద్ద కంపెనీ పేరు వేసిన గిటార్ ఎదురైతే, అమ్మేవాడు ఆ సంగతి తనంతట తాను చెప్తాడేమో చూడండి. చెప్పకపోతే బేరం ఆపి లేచి వచ్చేయండి.

ఎవరు చేశారని అడగండి

ఇక 'అసలుదేనా?' అన్న ప్రశ్న మానేసి, 'ఎవరు చేశారు? ఏ ఊళ్లో?' అని అడగడం మొదలుపెట్టండి. 1965లో వెంచర్స్ అనే అమెరికన్ బృందం జపాన్‌లో కచేరీలు చేశాక అక్కడి కుర్రకారుకు ఎలక్ట్రిక్ గిటార్ పిచ్చి పట్టుకుంది. గిరాకీ చూసి చెక్కపని చేసే కంపెనీలు గిటార్ల వైపు తిరిగాయి. నగానో ప్రాంతంలో, కొండల నడుమ ఉన్న మత్సుమోతో పట్నం ఆ పనికి ముఖ్యస్థానమైంది. 1960లో అక్కడ మొదలైన ఫుజిజెన్, ఐబనెజ్‌కూ గ్రెకోకూ గిటార్లు చేసిపెట్టింది. అదే ఊళ్లో మత్సుమొకు అనే మరో కంపెనీ ఉండేది. అది మొదట్లో సింగర్ కుట్టుమిషన్లకు చెక్క పెట్టెలు చేసేది. మన ఇళ్లలో అమ్మమ్మలు వాడిన మిషన్ మీద ఉండే పేరే ఆ సింగర్! పెట్టెలు చేసిన చేతులే తర్వాత ఏరియా గిటార్లు చేశాయి, యూనివాక్స్ గిటార్లు చేశాయి, 1970ల్లో ఎపిఫోన్ గిటార్లు కూడా చేశాయి.

ఎపిఫోన్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. అప్పటికి ఆ పేరు గిబ్సన్ యాజమాన్యం చేతిలో ఉంది. అంటే గిబ్సన్ వాళ్ల సొంత రెండో పేరు మీద వచ్చిన గిటార్లూ, గిబ్సన్‌ను చూసి చేసిన గిటార్లూ ఒకే కప్పు కింద తయారయ్యాయి. మరో అమెరికన్ కంపెనీ ఫెండర్ సంగతీ అంతే. జపాన్ నకళ్లు తన మార్కెట్‌ను తినేస్తున్నాయని చూసి 1982లో ఫెండర్ తానే అక్కడికి వెళ్లి ఫెండర్ జపాన్ పెట్టింది. గిటార్లు చేయడానికి ఎంచుకున్నది ఎవరిని? ఫుజిజెన్‌నే. నకలు చేసినవాళ్ల పనితనానికి అసలువాళ్లు ఇచ్చిన సర్టిఫికెట్ అది. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నేను ఇవ్వలేను. హమమత్సులో టోకై కంపెనీ చేసిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) నకలును ఒకసారి చేతిలో పట్టుకుని నెక్ అంచు మీద బొటనవేలు నడిపించి చూడండి, ఫెండర్ ఎందుకు కంగారుపడిందో మీకే తెలుస్తుంది.

ఆ కాలపు గిటార్లను చదవడం పెద్ద కష్టం కాదు. ఫుజిజెన్ చేసిన 1970ల మధ్య నాటి ఐబనెజ్‌ల మీద సీరియల్ నంబరు ముందు ఒక అక్షరం ఉంటుంది. 'ఎ' అయితే జనవరి, 'బి' అయితే ఫిబ్రవరి, అలా 'ఎల్' వరకు పన్నెండు నెలలు. తర్వాతి రెండంకెలు సంవత్సరం. 'ఎఫ్76' అని ఉంటే 1976 జూన్‌లో పుట్టిందన్నమాట. గ్రెకో, టోకై మోడల్ నంబర్లు ఇంకా సూటిగా మాట్లాడతాయి, చాలా వాటిలో నంబరే అప్పటి ధర. గ్రెకో ఈజీ-500 అంటే యాభై వేల యెన్‌లు, టోకై ఎల్‌ఎస్-80 అంటే ఎనభై వేలు. రెండు గిటార్లు పక్కపక్కన పెట్టి ఏది పైతరగతిదో ఆ అంకెను బట్టే చెప్పేయవచ్చు. అంతకు ముందు, 1970ల తొలినాళ్ల గిటార్ల మీద చాలాసార్లు నంబరే ఉండదు. నెక్ వెనక ఇనుప పలక మీద 'మేడ్ ఇన్ జపాన్' అన్న అచ్చు తప్ప ఏ ఆధారమూ దొరకదు. వాటినీ వదలొద్దు.

'లాసూట్' అన్న మాటకు అదనంగా రూపాయి ఇవ్వకండి

పాత జపాన్ నకలు అమ్మేవాళ్ల నోట 'లాసూట్ గిటార్ సార్' అన్న మాట తప్పకుండా వినిపిస్తుంది. కోర్టుకెక్కినంత బాగా చేశారు కాబట్టి రేటు ఎక్కువ అని దాని భావం. జరిగింది ఇది: 1977లో గిబ్సన్ యజమాని అయిన నార్లిన్ కంపెనీ, అమెరికాలో ఐబనెజ్ అమ్మే ఎల్గర్ అనే సంస్థ మీద ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. గొడవ మొత్తం హెడ్‌స్టాక్ పైఅంచు ఆకారం గురించి. తెరిచిన పుస్తకంలా వంపు తిరిగి ఉండే ఆ అంచు తమదని గిబ్సన్ వాదన. ఐబనెజ్ అప్పటికే ఆ ఆకారాన్ని మార్చడం మొదలుపెట్టింది. 1978లో ఇరుపక్షాలూ కోర్టు బయట రాజీపడ్డాయి. దావా ఒక్కటే, అదీ ఒక్క సంస్థ మీద. గ్రెకో మీద కాదు, టోకై మీద కాదు, యూనివాక్స్ మీద అంతకన్నా కాదు. బాడీ, నెక్, పికప్‌ల నాణ్యత గురించి కోర్టులో ఎవరూ మాట్లాడనే లేదు.

కాబట్టి ఆ మాట వినిపించినప్పుడు వాదన పెట్టుకోకండి, గిటార్ చూడండి. ఆ రాజీకి వెనకా ముందూ ఉన్న రోజుల్లోనే ఐబనెజ్ సొంత ఆకారాలతో బయటికి వచ్చింది. 1977లో జాజ్ విద్వాంసుడు జార్జ్ బెన్సన్ పేరుతో జీబీ10 తెచ్చింది. నకలు చేస్తూ చేస్తూ నేర్చుకున్నవాళ్లు సొంత గొంతు తెచ్చుకోవడం ఎక్కడైనా జరిగేదే. సంగీతం నేర్చుకునే తీరే అది. గురువు పాడినట్టు పాడకుండా ఎవరూ సొంతంగా పాడే చోటికి చేరరు.

ప్లైవుడ్ గిటార్లు కొనండి

దీనికి నామీద కోపగించుకునేవాళ్లు ఎక్కువ. 1975కు ముందు వచ్చిన లెస్ పాల్ నకళ్లలో చాలా వాటికి నెక్ అతికించి ఉండదు, నాలుగు స్క్రూలతో బిగించి ఉంటుంది. బాడీ మీద ఉబ్బెత్తుగా కనిపించే పైచెక్క ప్లైవుడ్‌ను వంచి చేసినది. దాని కింద కొంత ఖాళీ ఉంటుంది. పికప్‌ల మధ్య వేలి గెనుపుతో తట్టి చూడండి, గట్టిచెక్క మీద వచ్చే పొడి చప్పుడు కాకుండా తలుపు మీద తట్టినట్టు వస్తే లోపల డొల్ల ఉన్నట్టే. తెలిసినవాళ్లు అక్కడితో గిటార్ పక్కన పెట్టేస్తారు. మీరు ఆంప్లిఫయర్‌కు తగిలించి వినండి. ఆ ఖాళీ వల్ల మధ్యస్థాయి స్వరాలకు ఒక రకమైన మార్మోత వస్తుంది. ఆంప్ దగ్గర నిలబడి శబ్దం పెంచితే గిటార్ త్వరగా కూత పెడుతుంది కూడా. దాన్ని లోపమనేవాళ్లు అనుకోనివ్వండి. లెస్ పాల్‌లో దొరకని గొంతు అది, లెస్ పాల్ ఆకారంలో దొరుకుతోంది.

పైగా మన వాతావరణానికి ప్లైవుడ్ మంచిది. కాకినాడలోనో విశాఖలోనో సముద్రపు తేమ, హైదరాబాద్ ఎండాకాలంలో పొడిగాలి, మధ్యలో ఏసీ వేయడం ఆపడం. ఒకే పలక చెక్క ఈ మార్పులకు వంగుతుంది, పగులుతుంది. పొర మీద పొర అడ్డదిడ్డంగా అతికిన చెక్క అంత తొందరగా కదలదు. నెక్ మాత్రం ఎలాగూ కదులుతుంది, దాన్ని సరిచూసుకుంటూ ఉండాల్సిందే.

చిల్లులున్నదాన్ని ఏరుకోండి

నా దగ్గర ఒక ఎర్రటి సన్‌బర్స్ట్ లెస్ పాల్ నకలు ఉంది. తల మీద పేరు లేదు, నంబరు లేదు. కుడిచేతి గిటార్‌గా పుట్టింది. ఎప్పుడో ఒక ఎడమచేతివాటం మనిషి చేతికి చిక్కింది. నాదీ పుర్రచెయ్యే కాబట్టి అతను ఒక్కొక్క మార్పూ ఎందుకు చేశాడో పట్టుకోగానే నాకు అర్థమవుతుంది.

బ్రిడ్జి నుంచి మొదలుపెడతాను. ఇలాంటి గిటార్లలో బ్రిడ్జి రెండు పోస్టుల మీద నిలబడుతుంది. లావు తీగ వైపు కాస్త వెనక్కి, సన్న తీగ వైపు కాస్త ముందుకు, ఏటవాలుగా ఉంటుంది. లావు తీగకు కొంచెం ఎక్కువ పొడవు కావాలి, లేకపోతే పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి పైకి పోతుంది. గిటార్ తిప్పి తీగలు మార్చేస్తే లావు తీగ పొట్టి వైపుకు వస్తుంది. బ్రిడ్జిలోని చిన్న సాడిల్‌లను ఎంత జరిపినా ఆ తేడా పూడదు. అందుకని పోస్టుల స్థానమే మార్చాలి. నా గిటార్‌లో పాత పోస్టుల చోట రెండు గుండ్రటి చెక్క బిరడాలు ఉన్నాయి. ఒకదాని చెక్క పోగు బాడీ పోగుకు అడ్డంగా తిరిగి ఉంది, అందుకే రంగు కింద కూడా కనిపిస్తుంది. పక్కనే కొత్త చిల్లులు. కొలిచి చూశాను, వాలు సరిగ్గా ఉంది. వడ్రంగం తెలిసినవాడి పని కాకపోవచ్చు గానీ చెవి ఉన్నవాడి పని.

తర్వాత జాక్. అది కుడిచేతి గిటార్‌లో కింది అంచున ఉంటుంది, తిప్పితే పైకొస్తుంది, కేబుల్ వచ్చి పొట్టకు గుచ్చుకుంటుంది. అతను దాన్ని మూసేసి రెండో అంచున కొత్తది పెట్టాడు. నాబ్‌లు కూడా పైకొచ్చి ముంజేతికి తగులుతాయి. నాలుగింటిలో రెండు తీసేసి చిల్లులు నింపాడు. అన్నింటికన్నా సాహసం, రంపం పట్టుకుని బాడీకి రెండో వంపు కోయడం. లెస్ పాల్‌కు కట్‌అవే ఒక్క వైపే ఉంటుంది, తిప్పితే అది పైకి పోయి, పైఫ్రెట్ల దగ్గరకు చెయ్యి వెళ్లకుండా కింద బాడీ అడ్డొస్తుంది. అందుకే ఆ కింది భుజాన్ని కోసేశాడు. కోసిన అంచున ప్లైవుడ్ పొరలు, లేతవీ ముదురువీ వరసగా కనిపిస్తాయి. ఒకచోట లోపలి ఖాళీ బయటపడితే పలచటి చెక్కముక్కతో మూసి నల్లరంగు వేశాడు. రంగు వేసేటప్పుడు పట్టీ అతికించినట్టున్నాడు, అంచు గీత గీసినట్టు ఉంది. దీని విలువ ఎంతని అడిగితే కొట్టువాళ్లు పెదవి విరుస్తారు. ఒక మనిషి తన చేతికి గిటార్ దొరక్క, దొరికినదాన్ని తన చేతికి అమర్చుకున్న పని మొత్తం అందులో ఉంది. నాకు అది చాలు.

లోకం కూడా ఇలాంటివాటిని అప్పుడప్పుడు గుర్తిస్తుంది. రాక్ గాయకుడు కర్ట్ కొబేన్ 1991లో కొన్న 1965 నాటి ఎడమచేతి ఫెండర్ జాగ్వార్, అతని దగ్గరకు వచ్చేసరికే బాగా మార్చేసి ఉంది. పికప్‌లు ఫెండర్‌వి కావు, అదనంగా ఇంకో నాబ్ కూడా పెట్టి ఉంది. 2011లో ఫెండర్ దాని ప్రతులు చేసి అమ్మినప్పుడు ఆ మార్పులన్నీ ఉన్నవి ఉన్నట్టే చేసింది. అంతకు ముందటి యజమాని స్క్రూడ్రైవర్‌తో చేసిన పని ఫ్యాక్టరీ నమూనా అయింది. ఎంటీవీ అన్‌ప్లగ్డ్‌లో కొబేన్ వాయించిన 1959 నాటి మార్టిన్ డీ-18ఈ కూడా కుడిచేతి గిటార్‌ను ఎడమచేతికి మార్చినదే. రంధ్రం దగ్గర బయటి పికప్ ఒకటి తగిలించి ఉంటుంది. 2020లో వేలంలో అది 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. అప్పటికి వేలంలో ఏ గిటార్‌కూ అంత ధర రాలేదు. ఆ ధర కొబేన్ చేతిదే, ఒప్పుకుంటాను. కానీ చిల్లు పెడితే గిటార్ చచ్చిపోతుందన్న మాటకు అదే జవాబు.

వెనక్కి తీసుకురావద్దు

ఇలాంటిది కొన్న వెంటనే పాత రూపానికి తెప్పించమని పని తెలిసినవాళ్లు అంటారు. వద్దు. కొత్త చిల్లు మూసి పాత చిల్లు తెరిస్తే మీ చేతిలో రెండుసార్లు గాయపడిన చెక్క మిగులుతుంది, చరిత్ర మిగలదు. నెక్ వంగితే సరిచేయించండి, అరిగిన ఫ్రెట్లు వేయించండి, ఊడిన టంకం మళ్లీ పెట్టించండి. వాయించడానికి అడ్డొచ్చేదంతా బాగుచేయించాల్సిందే. ఎర్త్ తీగ బ్రిడ్జికి తగిలి ఉందో లేదో తప్పకుండా చూపించుకోండి. అయితే షాక్ నుంచి అది కాపాడదు: ఎర్తింగ్ లేని ప్లగ్గులో పాత ఆంప్ పెట్టి తీగ ముట్టుకుంటే షాక్ కొట్టవచ్చు, ఇది ప్రాణాలతో చెలగాటం. జపాన్ నుంచి ఆంప్ కూడా తెప్పించుకుంటే అది 100 వోల్టులదని గుర్తుంచుకోండి, మన 230లో నేరుగా పెడితే కాలిపోతుంది.

తప్పనిసరిగా ఏదైనా భాగం తీయాల్సి వస్తే దాన్ని చిన్న కవర్లో వేసి, ఏ గిటార్‌ది, ఎక్కడిది, ఎందుకు తీశారు అని చీటీ రాసి పెట్టండి. పాత నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) అయినా, పగిలిన నాబ్ అయినా.

ఒక్క మార్పు మాత్రం మీరే చేయించండి. అద్దంలో బొమ్మలా ఎడమచేతికనే చేసిన గిటార్లలో నాబ్ ఎడమవైపు తిప్పితే శబ్దం పెరిగేలా తీగలు కలుపుతారు, కానీ చాలాసార్లు లోపల పెట్టే పాట్ (నాబ్ కింద శబ్దాన్ని నియంత్రించే భాగం) మాత్రం కుడిచేతిదే. చెవికి శబ్దం మెల్లగా పెరిగినట్టు అనిపించాలని ఆ పాట్‌ను కుడి తిరుగుడుకు లెక్కకట్టి చేస్తారు. దాన్ని ఉల్టా తిప్పితే కొంచెం కదపగానే శబ్దం ఒక్కసారిగా ఎగిరి, ఆ తర్వాత ఎంత తిప్పినా పెద్దగా తేడా తెలియదు. వాల్యూమ్ నాబ్ పాడైందని చాలామంది అనుకునేది దీన్నే. ఎడమ తిరుగుడు పాట్ వేయిస్తే సరిపోతుంది. ఖర్చు తక్కువ, తేడా మొదటి స్వరంలోనే వినిపిస్తుంది.

కుడిచేతివాళ్లు ఎడమచేతి గిటార్ కొనండి

ఇది విని నవ్వేవాళ్లకు ఎడమచేతివాటం గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌ను చూపించండి. అతను కుడిచేతి స్ట్రాటోకాస్టర్‌ను తిప్పి, తీగలు మార్చుకుని వాయించాడు. దానివల్ల గొంతు మారింది. స్ట్రాట్‌లో బ్రిడ్జి దగ్గరి పికప్ ఏటవాలుగా ఉంటుంది, మామూలుగా సన్న తీగల వైపు బ్రిడ్జికి దగ్గరగా ఉండి ఆ తీగలు చురుగ్గా పలుకుతాయి. తిప్పితే లావు తీగలు బ్రిడ్జి వైపుకు వచ్చి బిగువుగా, సన్నవి కాస్త గుండ్రంగా పలుకుతాయి. తల కూడా తిరగబడి, నట్‌కు అవతల లావు తీగ ఎక్కువ పొడవు, సన్న తీగ తక్కువ పొడవు మిగులుతుంది. శ్రుతి అదే కాబట్టి బిగింపు మారదు, కానీ తీగ లాగినప్పుడు వేలికి తెలిసే తీరు మారుతుంది.

కుడిచేతివాళ్లకు ఇదంతా కావాలంటే ఎడమచేతి స్ట్రాట్ నకలు ఒకటి కొని, తిప్పి, తీగలు కుడిచేతికి వేసుకోవడమే దారి. ఫెండరే 1997లో హెండ్రిక్స్ పేరుతో ఇదే పని చేసింది. ఎడమచేతి గిటార్‌కు కుడిచేతివాళ్ల కోసం తీగలు వేసి, తల మీద అక్షరాలు అద్దంలో కనిపించినట్టు అచ్చువేసి అమ్మింది. స్ట్రాట్‌లో సాడిల్‌లు ఒక్కొక్కటీ చాలా దూరం జరుగుతాయి కాబట్టి బ్రిడ్జి పోస్టుల గొడవ లేదు. కొత్త నట్ ఒకటి పెట్టిస్తే చాలు.

తిప్పడానికి ఏ ఆకారం బాగుంటుందని అడిగితే, ముందు రెండు వైపులా ఒకేలా ఉండేవి చూడమంటాను. ఎడమచేతివాటం ఉన్న బీటిల్స్ సభ్యుడు పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబుర్గ్‌లో కొన్న హాఫ్‌నర్ బేస్ వయొలిన్ ఆకారంలో ఉంటుంది, ఎడమచేతిదైనా వింతగా కనబడదని దాన్ని ఎంచుకున్నాడు. ఫ్లయింగ్ వీ, ఎస్‌జీ, 335 నకళ్లు కూడా ఈ జాతివే. కానీ నా అభిమానం యూనివాక్స్ హై-ఫ్లయర్ మీద. కాలిఫోర్నియాలో తయారైన మోస్‌రైట్ గిటార్‌కు నకలుగా మత్సుమొకు చేసినది. మోస్‌రైట్‌లో మామూలుకు భిన్నంగా కింది కొమ్ము పొడుగు, పై కొమ్ము పొట్టి. అందుకని కుడిచేతిదాన్ని ఎడమచేతికి తిప్పగానే పొడుగు కొమ్ము పైకొస్తుంది, బెల్టు వేసుకుంటే సరిగ్గా నిలబడుతుంది, కింద వేళ్లకు పైఫ్రెట్ల దాకా దారి ఉంటుంది. చెక్క కోయకుండా తిప్పగానే ఎడమచేతికి ఇంతగా ఒదిగేది నాకు ఇంకొకటి కనబడలేదు. కొబేన్ దీన్ని ఎంత ఇష్టపడి వాయించాడో అందరికీ తెలుసు.

తీగలు మార్చకుండా తిప్పి వాయించేవాళ్లది ఇంకో లోకం. ఆల్బర్ట్ కింగ్ లావు తీగ కిందా సన్న తీగ పైనా ఉంచుకునే బ్లూస్ వాయించాడు. మిగతావాళ్లు సన్న తీగను పైకి నెట్టేచోట అతను కిందికి లాగుతాడు. చేతి బలమంతా దొరుకుతుంది కాబట్టి ఆ తీగ అంత దూరం వంగుతుంది. ఓటిస్ రష్ కూడా అదే తీరు. నార్త్ కరోలినాలో పుట్టిన ఎలిజబెత్ కాటన్ బొటనవేలితో సన్న తీగల మీద పాట పలికించి, మిగతా వేళ్లతో లావు తీగలు మీటేది. ఆ పద్ధతికి ఆమె పేరే పెట్టారు. ముగ్గురిలో ఎవరికీ గురువు చేతులు మార్చలేదు.

అందుకే మీ ఇంట్లో పిల్లో పిల్లాడో గిటార్‌ను ఎడమచేతివాటంగా పట్టుకుంటే వెంటనే దిద్దకండి. అన్నం ఎడంచేత్తో తింటే కుడిచేతికి మార్చే అలవాటు మన ఇళ్లలో ఎలాగూ ఉంది, గిటార్ దగ్గరైనా ఆ పని వద్దు. రెండు చేతులూ పనిచేసే వాయిద్యమే కదా, కుడిగానే నేర్చుకో అని సంగీతం మాస్టార్లు చెప్తారు. కొందరు పిల్లలకు అది నప్పుతుంది. నా సలహా: ఒక చవక నకలు తిప్పి ఇచ్చి, తీగలు కూడా మార్చకుండా వదిలేయండి. ఏ చేత్తో మీటితే లయ తప్పడం లేదో పిల్లలే తేల్చుకుంటారు. ఆ తర్వాత తీగలు మార్చాలో వద్దో నిర్ణయించవచ్చు.

దగ్గర్లో వెతకండి

జపాన్ దాకా పోనక్కర్లేదు. కలకత్తా తయారీ గివ్‌సన్ పేరు కాలేజీ హాస్టళ్లలో చదివిన ప్రతివాళ్లూ వినే ఉంటారు. హాబ్నర్ అన్న పేరు చూస్తే హాఫ్‌నర్ గుర్తు రాకుండా ఉండదు. మన దేశపు నకళ్లకు ఇప్పుడు ఎవరూ విలువ కట్టరు, మేడమీద గదుల్లో తీగలు తుప్పుపట్టి పడి ఉంటాయి. ఎవరైనా ఎడమచేతికి మార్చుకున్నది దొరికితే వదలకండి. పాత యజమాని బతికే ఉంటే కూర్చోబెట్టి, ఏం మార్చాడో, ఎవరి చేత మార్పించాడో అడిగి రాసుకోండి. జపాన్ గిటార్ల విషయంలో ఈ వెసులుబాటు మనకు దొరకడం కష్టం.

బయటి నుంచి తెప్పిస్తుంటే ఒక జాగ్రత్త. పాత జపాన్ అకూస్టిక్ గిటార్ల వివరాల్లో 'జకరండా' అని ఉంటే బ్రెజిల్ రోజ్‌వుడ్ అని అర్థం. 1992 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద అత్యంత కఠినమైన కట్టడి ఉంది, పర్మిట్ లేకుండా సరిహద్దు దాటించకూడదు. మిగతా రోజ్‌వుడ్‌లతో చేసిన వాయిద్యాలకు 2017లో పెట్టిన కట్టడిని 2019లో సడలించారు. బ్రెజిల్ చెక్క కరువైన దగ్గర్నుంచి ప్రపంచమంతా వాడుతున్నది ఎక్కువగా మన దక్షిణాది రోజ్‌వుడే. జపాన్ నకలు ఫ్రెట్‌బోర్డు మన అడవుల్లోంచే వెళ్లి ఉండొచ్చు.

ఇక అమ్మాల్సి వస్తే, ఎడమచేతి గిటార్‌ను ముందు ఎడమచేతివాటం ఉన్నవాళ్లకు చూపించండి. కొట్టుకు వెళ్తే వాళ్లకు గోడ మీద ఉన్నవాటిలో ఒకటీ అరా తప్ప పనికిరావు, ఉన్న ఆ ఒక్కటీ రేటు ఎక్కువ. అలమరలో దాచుకోవడానికి కొనేవాడు రెండు వేలు ఎక్కువిస్తానన్నా వాయించేవాడికే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు పక్కన పెట్టిన నట్, నాబ్‌లు, చీటీలు కూడా కవరుతో సహా అప్పగించి, ఏ చిల్లు ఎందుకో కూర్చోబెట్టి చెప్పండి. కొరియర్‌లో పంపుతుంటే తీగలు కాస్త వదులు చేసి, హెడ్‌స్టాక్ కింద గుడ్డ చుట్ట పెట్టి, పెట్టెలో నెక్ కదలకుండా బిగించండి. వెనక్కి వాలిన తల ఉన్న లెస్ పాల్ నకళ్లలో దారిలో విరిగేది ముందుగా అక్కడే.